ఏడో హోల్ పక్కన ఇల్లు

మార్చి 3

ఒరే చిన్నోడా,

నీ ఉత్తరం పోయిన వారం అందింది. ఆ కొండల్లో నీ డేరాలోకి తేళ్ళు వస్తున్నాయని తేలిగ్గా రాసి పారేశావు. అది చదివాక ఇక్కడ మూడో అంతస్తులో ఉన్న నాకు రెండు రోజులు చెప్పుల్లో కాలు పెట్టాలంటే భయమేసింది. బూట్లు దులిపి వేసుకో. యాభై నాలుగేళ్ళ వాడికి ఇది కూడా అక్క చెప్పాలా అంటావు. చెప్పాలి.

ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని మీ సర్వే వాళ్ళు నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. దారం మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, చెవులు అక్కడే వదిలేసి వచ్చినదాన్ని. ఫోన్‌లో నీ గొంతు నాకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు ఉంటుంది. కాగితం మీదైతే నువ్వు దగ్గినా వినిపిస్తుంది.

అసలు సంగతికి వస్తాను. మేం ఇల్లు కొంటున్నాం. ఎక్కడో తెలుసా? మీ బావ ముప్ఫై రెండేళ్ళు గడ్డి మేస్త్రిగా చేసిన పాత గోల్ఫ్ మైదానంలో! నూట పదేళ్ళ నాటిదని గేటు దగ్గర రాయి మీద చెక్కి ఉంటుంది, నువ్వు చూశావు. ఇప్పుడు దాన్ని ఒక రిసార్ట్ కంపెనీ తీసుకుంది. అప్పట్లో ఆటగాళ్ళు బస చేసే పన్నెండు రాతి ఇళ్ళు ఉండేవి కదా, వాటిని బాగుచేసి కాపురం ఉండేవాళ్ళకి అమ్ముతున్నారు.

పోయిన ఆదివారం చూడ్డానికి వెళ్ళాం. అందరూ కార్లలో దిగారు, మేం బస్సు దిగి నడిచాం. ఇళ్ళు చూపించే ఆఫీసరు మంచివాడే గానీ, మీసం పై పెదవిని పూర్తిగా కప్పేసింది. నాకేమో పెదాలు చూస్తే గానీ మాట అందదు. అయినా మిల్లు యంత్రాల మోతలో ఒకరి పెదాలు ఒకరం చూసుకుని ఊరి కబుర్లన్నీ చెప్పుకున్నవాళ్ళం, ఒక్క మీసం నన్నేం ఆపుతుంది? మాకు నచ్చింది వరసలో చివరిది. రెండు గదులు, వంటిల్లు, ముందు నాలుగడుగుల జాగా. కిటికీ తెరిస్తే ఎదురుగా ఏడో హోల్, అదే, బంతి పడాల్సిన ఏడో గుంత ఉన్న పచ్చిక. ఈ ఫ్లాటు కింది అంతస్తు టైలరు తీసుకుంటానన్నాడు, కాబట్టి ఆ చింత లేదు.

చిక్కల్లా ఒక్కటే. కొనేవాళ్ళిద్దరికీ అరవై అయిదు దాటితే, అరవై లోపు మనిషి ఒకరు వాళ్ళ తరఫున పూచీ సంతకం పెట్టాలట. మాకు నువ్వు తప్ప ఎవరున్నారు? కాగితాలు ఇందులో పెడుతున్నాను. నేను పెన్సిల్‌తో గుర్తు పెట్టిన మూడు చోట్లా సంతకం పెట్టి పంపు. మే నెల మధ్య దాకా మనకోసం ఆపుతారు.

ఎందుకూ ఏమిటీ అని ఆరాలు తియ్యకు. అక్కడ మీ బావకి బాగుంటుంది, అంతే.

నీ అక్క


మార్చి 19

అక్కా,

ఉత్తరం చదివి నేనూ, నేల ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రం పట్టే మా ముసలాయనా చాలాసేపు నవ్వుకున్నాం. తేళ్ళ గురించి కాదు, గోల్ఫ్ గురించి. నువ్వు గొడుగు పట్టుకుని ఆ పచ్చిక మీద షికారు చేస్తున్నట్టు ఊహించుకున్నాను. బాగానే ఉన్నావు.

నవ్వులాట పక్కన పెట్టి అడుగుతున్నాను, ఇదేం బుద్ధి? బస్సు డిపో పక్కన ఇల్లు. దిగితే కూరగాయలు, ఎదురుగా డాక్టరు, కింద టైలరు కుటుంబం పలకరింపులు. ఇవన్నీ వదిలి, పక్కింటివాళ్ళ కుక్కకి కూడా మనకన్నా మంచి దుప్పటి ఉండే చోటికి వెళ్తారా? బావ ముప్ఫై రెండేళ్ళు వాళ్ళ గడ్డి కోశారు. వాళ్ళలో ఒక్కడైనా ఆయన్ని పేరు పెట్టి పిలిచాడా? ఇప్పుడు వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటేనే గౌరవం అనుకుంటున్నారేమో. అది గౌరవం కాదు అక్కా, మీకు అక్కడ ఊపిరాడదు.

ఇంకో మాట. నీ ఉత్తరం చివర బావ ఎప్పుడూ రెండు ముక్కలు రాస్తారు. 'వాన పడిందా, నేల ఎలా ఉంది' అని. ఈసారి లేవు. అంతకుముందు ఉత్తరంలోనూ లేవు. పోయినసారి వచ్చినప్పుడు నేను ఆయన మతిమరుపు మీద జోకు వేశాను, గుర్తుందా? టీలో ఉప్పు వేసుకున్నారని. అందుకు కోపం వచ్చిందా? వస్తే నేరుగా తిట్టమను.

సంతకం సంగతి తొందరేం లేదు. ఆలోచిద్దాం.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

చిన్నోడా,

ఆలోచిద్దాం అంటే ఎవరం ఆలోచించాలి? నేను ఆలోచించాకే నీకు రాశాను. అరవై ఆరేళ్ళు వచ్చాయి నాకు.

మీ బావకి గొప్పల పిచ్చి పట్టిందనుకుంటున్నావు. సరే, అలాగే అనుకో. గడ్డి పెంచినవాడు ఆ గడ్డి ఎదురుగా నాలుగు రోజులు కూర్చోవాలనుకుంటే తప్పా? పొద్దున్నే నాలుగింటికి లేచి, చెప్పులు విడిచి, ఒట్టి కాళ్ళతో నడిచి, ఎక్కడ తడి ఎక్కువైందో ఎక్కడ తక్కువైందో చూసేవారు. యంత్రాలు వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. వాళ్ళు పేరు పెట్టి పిలవలేదంటావు. పిలిస్తే ఏం, పిలవకపోతే ఏం? ఆ నేల ఎవరిదో ఆయనకి తెలుసు.

కోపం సంగతి అడిగావు. ఆయనకి నీ మీద కోపం లేదు. రాయాలనిపించలేదు, అంతే. ఆ మాట వదిలెయ్యి.

ఆ ఆఫీసరు మళ్ళీ కబురు చేశాడు. మన ఇంటి కోసం ఇంకెవరో దంతవైద్యులట, రెండుసార్లు వచ్చి చూశారట. కాగితాలు పంపు. నిన్ను ఇంతగా బతిమాలడం నాకు అలవాటు లేదు.

అక్క


ఏప్రిల్ 15

అక్కా,

నీ ఉత్తరంలో నిప్పులు కురిశాయి. దులుపుకున్నాను. అయినా చెప్పక తప్పదు.

మా పాత సహోద్యోగి ఒకడు పోయిన నెలలో మీ వైపు పని చేసి వచ్చాడు. ఆ గోల్ఫ్ మైదానంలో నేల ఎత్తుపల్లాల కొలతలు తీసుకున్నారని, అతనే నెల రోజులు అక్కడ మేకులు పాతించాడని చెప్పాడు. ఉత్త పుణ్యానికి ఎవరూ కొలతలు తీయించరు. కొలిచారంటే తవ్వుతారు. కొత్త కంపెనీ ఆ మైదానాన్ని తిరగేసి కొత్తగా కట్టబోతోందని నా అనుమానం. మీ కిటికీ ఎదురుగా ఏడాది పాటు దుమ్ము, లారీలు. ఏది మారుస్తారో, ఏది మార్చరో ఆ మీసాలాయన చేత కాగితం మీద రాయించుకో. నోటిమాట నమ్మకు.

అది వచ్చేదాకా నేను సంతకం పెట్టను. నీ మంచికే.

లేదూ, ఇది నిజంగా బావ కోరికే అంటావా, ఆయన చేతే రెండు ముక్కలు రాయించు. 'పెట్టవోయ్' అని ఒక్క మాట చాలు. మారు మాట్లాడకుండా పెడతాను. నువ్వే అన్నీ రాస్తుంటే, ఇది నీ పట్టుదలో ఆయన ఇష్టమో నాకు తెలియడం లేదు.

తమ్ముడు


ఏప్రిల్ 24

చిన్నోడా,

నువ్వడిగిన రెండు ముక్కలు ఇందులో మడతపెట్టి ఉన్నాయి. ముందు అది చూసి, తర్వాత ఇది చదువు.

చూశావా? మధ్యాహ్నం భోజనం అయ్యాక బల్ల దగ్గర కూర్చోబెట్టి కలం ఇచ్చాను. 'తమ్ముడికి రాయండి, సంతకం పెట్టమని' అన్నాను. 'ఓ, దానికేం' అన్నారు. నీ పేరులో మొదటి అక్షరం రాశారు. తర్వాత ఆ గీత. తర్వాత ఆ అక్షరమే మళ్ళీ. టీ వేళ దాకా అలాగే కూర్చున్నారు. కాగితం నా చేతికిచ్చి, 'వాడికి అర్థమవుతుందిలే' అన్నారు.

ఏడాదిన్నర అయింది, రా. టీలో ఉప్పు అప్పటిదే. నువ్వు నవ్వావు, ఆయనా నవ్వారు, నేనూ నవ్వాను. నువ్వు వెళ్ళిన వారానికి పాలకని దిగిన మనిషి డిపోలో బస్సెక్కి ఆఖరి స్టాపులో దొరికారు. ఇప్పుడైతే మెట్లు దిగితే ఏ అంతస్తులో ఉన్నారో తెలియదు. రెండో అంతస్తు వాళ్ళ తలుపు తట్టి, 'మా ఆవిడ లోపల ఉంది, తలుపు తియ్యండి' అని గొడవ. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి సరిపోయింది. ఆయన పిలిచినా నాకు వినపడదు. తలుపు తీసుకుని వెళ్ళిపోయినా వినపడదు. ఆయన చొక్కా కొసకీ నా చీర కొంగుకీ ముడి వేసుకుని పడుకుంటున్నాను. పెళ్ళినాటి కన్నా గట్టి ముడి.

నీకెందుకు చెప్పలేదంటే, నీ కళ్ళలో ఆయన పెద్ద మనిషి. నీకు సైకిలు నేర్పిన మనిషి. అలాగే ఉండనిద్దామనుకున్నాను.

ఇళ్ళు చూడ్డానికి వెళ్ళిన రోజు ఏమైందో చెప్తాను. గేటు దాటగానే నా చెయ్యి వదిలేశారు. నేను పరుగెత్తబోయాను. ఆయన చెప్పులు విడిచి నడుస్తున్నారు. 'ఇక్కడ కాస్త దిగుతుంది, జాగ్రత్త' అన్నారు. దిగింది. 'ఇప్పుడు ఎడమకి ఎక్కాలి' అన్నారు. ఎక్కాం. పద్దెనిమిది హోళ్ళూ తిరిగి, బయల్దేరిన చోటికే నన్ను తీసుకొచ్చారు. ఒక్కచోట కూడా తడబడలేదు. నా పేరు మర్చిపోయిన రోజులున్నాయి గానీ, ఆ కాళ్ళకి ఆ నేల గుర్తుంది. లోకంలో ఆయన తప్పిపోని చోటు అదొక్కటే. అందుకని ఆ ఇల్లు.

నీ మేకుల సంగతి కూడా అడిగాను. నిన్ననే వెళ్ళి ఆ ఆఫీసరుని ఎదురుగా నిలబెట్టి, 'మీరు ఇదంతా మారుస్తారా' అన్నాను. 'చరిత్ర ఉన్న చోటండీ, మారదు' అన్నాడు. ఆయన పెదాల మీద 'మారదు' అన్న మాట నా కళ్ళతో చూశాను. సంతకం తప్పించుకోవడానికి నువ్వు సాకులు వెతకనక్కర్లేదు. పెట్టనంటే పెట్టనను.

అక్క


మే 1

అక్కా,

కాగితాలు సంతకం పెట్టి ఇందులోనే పంపుతున్నాను. టౌనుకు వెళ్ళే జీపులో నేనే కూర్చుని తీసుకెళ్ళి రిజిస్టర్డ్ పోస్టు చేస్తున్నాను. ఆయన రాసిన కాగితం నా కొలతల పుస్తకంలో పెట్టుకున్నాను.

బావకి అర్థమైందని చెప్పు.

సాకు కోసం రాయలేదు. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

తమ్ముడు


ఆగస్టు 11

చిన్నోడా,

జూన్‌లో దిగాం. సామాను సర్దుకోవడంతోనే నెల గడిచింది, ఉత్తరం ఆలస్యమైంది. బీరువా గుమ్మంలో పట్టక కిటికీ ఊచలు ఊడదీసి లోపలికి పంపాల్సి వచ్చింది. కొత్త ఇంటికి వచ్చిన మొదటి రోజే అందరూ మమ్మల్ని దొంగల్లా చూశారు. పక్కింట్లో రిటైరైన ఓడ కెప్టెను గారు ఉన్నారు. ఆయన భార్య నాకు వినపడదని తెలిసి, చెవి దగ్గరకొచ్చి అరుస్తుంది. అరిస్తే నోరు వంకర పోయి ఒక్క మాటా అందదు. రోజూ ఏం చెప్తుందో నాకు తెలియదు, రోజూ అవునంటున్నాను.

మీ బావ పొద్దున్నే లేచి, ఒక్కరే ఏడో హోల్ దాకా వెళ్ళి వస్తున్నారు. ఒక్కరే! మొదటి వారం నేను చెట్ల చాటున నక్కి నక్కి వెంటపడ్డాను. తర్వాత మానేశాను. గంటకల్లా గుమ్మంలో ఉంటారు, కాళ్ళు తడితడిగా. గడ్డి కోసే కుర్రాళ్ళు ఇంకా ఆయన్ని 'పెద్ద మేస్త్రీ' అనే పిలుస్తున్నారు. వాళ్ళు బ్లేడు ఎత్తు ఎక్కువ పెడితే తిడుతున్నారు కూడా. ఇంటి ముందు నాలుగడుగుల జాగాలో కత్తెరతో గడ్డి కత్తిరిస్తున్నారు. తివాచీలా ఉంది.

పోయిన మంగళవారం నేను కుర్చీలో కూర్చుని, టీ వేడిగా ఉండగానే పూర్తిగా తాగాను. రెండేళ్ళ తర్వాత. తాగేశాక ఎందుకో ఏడుపొచ్చింది. నీ సంతకం వల్లేరా ఇదంతా. నేను రాసిన కోపపు మాటలు చించెయ్యి.

నిన్న ఏడో హోల్ అవతల ఎర్రగుడ్డలు కట్టిన కొయ్యమేకులు గుంపులు గుంపులుగా పాతి ఉన్నాయి. ఇవి నీ మేకుల్లాంటివేనా? నీళ్ళ గొట్టాల కోసమని కెప్టెను గారి భార్య చెప్పింది. చెప్పిందనే అనుకుంటున్నాను.

నీ అక్క


ఆగస్టు 30

అక్కా,

టీ సంగతి నాలుగుసార్లు చదివాను. దాని కింద ఇది రాయాల్సి రావడం నా ఖర్మ.

అవి నీళ్ళ గొట్టాల మేకులు కావు. గొట్టాలకైతే ఒకే వరసలో వస్తాయి. నువ్వు చెప్పినట్టు గుంపుగా, ఎర్రగుడ్డతో ఉన్నాయంటే నేల ఎత్తు మార్చే చోట్లు. ఏప్రిల్‌లో రాశాను. నువ్వు సాకు అనుకున్నావు. బావ రాసిన కాగితం చూశాక ఇంకోసారి రాయడానికి నాకు చెయ్యాడలేదు. ఎలా రాయను? ఆయనకి ఉన్న ఒక్క చోటూ ఉండదని రాయాలా? నా అనుమానం తప్పే అయుంటుందని నాకు నేనే చెప్పుకుని సంతకం పెట్టాను. వృత్తి తెలిసినవాణ్ణి, తెలిసి కూడా పెట్టాను.

కంపెనీకి రాశాను. నీకు చెప్పకుండా మే నెలలోనే ఒకటి, ఇప్పుడు ఇంకొకటి. జవాబు ఈ వారం వచ్చింది. చరిత్ర ఉన్న కట్టడాలు అంటే పాత క్లబ్బు భవనం, పన్నెండు రాతి ఇళ్ళ గోడలు, గేటు. వాటి ముఖం మారదట. ఆట మైదానం కట్టడం కాదు కాబట్టి, ఈ కాలపు ఆటకి తగ్గట్టు తిరిగి రూపు దిద్దుతారట. సెప్టెంబరు ఆఖరులో మొదలు. మీరు సంతకం పెట్టిన పత్రంలో పదకొండో పేజీలో అది ఉందట. నేనూ ఆ పేజీ మీద సంతకం పెట్టాను అక్కా. చదవలేదు. పోస్టు వేళ దాటుతుందని తొందరలో పెట్టేశాను.

ఏం చెయ్యాలో చెప్పు. ఏం చెయ్యమన్నా చేస్తాను.

తమ్ముడు


అక్టోబరు 20

చిన్నోడా,

చెయ్యడానికి ఏమీ లేదు. నేను ఆ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి కాగితం, కలం తీసుకెళ్ళి, 'ఆ రోజు మీరు నాతో అన్న మాట రాసివ్వండి' అన్నాను. ఆయన రాశాడు. 'చరిత్ర ఉన్న చోటు కాబట్టి భవనాల ముఖం మారదు.' నాకు మధ్యలో రెండు మాటలు మీసంలో పోయాయి. ఆయన అబద్ధం ఆడలేదు. నేనే వినాలనుకున్నది చూశాను. మిల్లులో అందరికన్నా బాగా పెదాలు చదివేదాన్నని ఎంత గర్వమో నాకు.

మీ బావని మొదటి రోజుల్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. పసుపు యంత్రాలు నేల ఎత్తుకుపోతుంటే అలాగే చూస్తూ ఉన్నారు. 'వీళ్ళకి ఎవరు చెప్పారు ఇక్కడ తవ్వమని? నేను చెప్పలేదే' అన్నారు. తలుపుకి గడియ పెట్టడం మొదలుపెట్టాను. పోయిన గురువారం నేను బట్టలు ఆరేస్తుండగా ఎలా తీశారో తీశారు.

ఏడో హోల్ ఉన్నచోట ఇప్పుడు మనిషెత్తు మట్టిదిబ్బ. దాని వెనక చెరువు కోసం తవ్విన గుంత. ఆయన గుంత అంచున, బురదలో మోకాలి దాకా దిగి నిలబడి ఉన్నారు. ఒట్టి కాళ్ళతో ముందుకి తడిమి చూస్తున్నారు, వెనక్కి తడిమి చూస్తున్నారు. యంత్రం నడిపేవాడు ఆపి, దిగి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. 'పెద్దాయనా, దారి తప్పారా?' అన్నాడట. ఆయన ఏమన్నారో వాడే తర్వాత నాకు కాగితం మీద రాసి చూపించాడు.

'నేను తప్పలేదు బాబూ. ఇక్కడ దిగాలి. దిగడం లేదు. నువ్వే చూడు.'

వాడు చూశాడట. 'అవునండీ, మేమే ఎత్తు చేశాం' అని ఒప్పుకున్నాడట. దాంతో ఈయన శాంతించారు. రెండేళ్ళుగా అందరూ ఆయనదే తప్పంటున్నారు. నేనూ అన్నాను. ఆ రోజు మాత్రం ఆయనది కాదు.

నీ మీద నాకు కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. నువ్వు ఇంకోసారి రాసినా నేను నమ్మేదాన్ని కాదు, నమ్మినా కొనేదాన్నేమో. రాసి పెట్టుకో.

అక్క


నవంబరు 2

అక్కా,

పదిహేను రోజులు సెలవు దొరికింది. పన్నెండో తారీఖున వస్తున్నాను. బావకి ముందే చెప్పకు, ఎదురు చూసి అలసిపోతారు.

తమ్ముడు


డిసెంబరు 14

చిన్నోడా,

క్షేమంగా చేరావని జాబు అందింది. ఇల్లు బోసిగా ఉంది. నువ్వు ఉన్న పదిహేను రోజులూ ఆయన నిన్ను ఎవరనుకున్నారో నాకు తెలియదు గానీ, నువ్వు వెళ్ళాక 'ఆ కుర్రాడు పనిమంతుడు, ఉంచుకోవాల్సింది' అన్నారు. అది నీకు చెప్పాలనిపించింది.

నువ్వు గుమ్మం దగ్గర్నుంచి కొత్త దిబ్బ దాకా మేకులు పాతి, తాడు కట్టి, పట్టుకుని నడిపించావు కదా. నాలుగు రోజులు బాగానే నడిచారు. నువ్వు రైలెక్కిన మర్నాడే మేకులన్నీ ఊడబెరికి, మట్టి దులిపి, తాడు చుట్టచుట్టి వరండాలో పేర్చారు. మేకులుంటే గడ్డి కోసే బ్లేడు విరుగుతుందట. దాంట్లో తప్పేముంది? మేస్త్రి ఎవరైనా అదే చేస్తాడు. నువ్వు బాధపడకు.

డిపో పక్కకి తిరిగి వచ్చెయ్యమన్నావు. టైలరు ఆ ఫ్లాటులో గోడ పగలగొట్టి పెద్ద గది చేశాడు. అదీ ఆయన ఎరిగిన ఇల్లు కాదు ఇప్పుడు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే. ఇక్కడ కనీసం మెట్లు లేవు. డాక్టరు కూడా ఏమీ కొత్తగా చెప్పలేదు. మందు మార్చలేదు.

సాయంత్రమయ్యేసరికి తలుపు దగ్గర నిలబడి 'ఇంటికి పోదాం పద' అంటారు. ఇదే ఇల్లండీ అని మొదట్లో వాదించేదాన్ని. వాదించిన కొద్దీ ఆయనకి భయం ఎక్కువవుతోంది. ఇప్పుడు వాదించడం లేదు. చెప్పులు వేసుకుని బయల్దేరతాం. రాతి ఇళ్ళ వరస చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ మన గేటు దగ్గరికే వస్తాం.

నిన్న అక్కడ ఆగారు. గోడనీ, కిటికీనీ, ముందున్న గడ్డినీ చాలాసేపు చూశారు. వంగి గడ్డి మీద అరచెయ్యి పెట్టి చూశారు. 'ఎవరో బాగా ఉంచారు' అన్నారు. తర్వాత నా భుజం తట్టి, నేను ఆయన వైపు తిరిగేదాకా ఆగి, మెల్లిగా అన్నారు.

"ఈ ఇల్లు అమ్ముతారేమో కనుక్కో. మనిద్దరికీ సరిపోతుంది."

"కనుక్కుంటానండీ" అన్నాను.

గేటు తీశాను. ముందు ఆయన్నే లోపలికి వెళ్ళమన్నాను. ఎవరి ఇల్లో అని జంకుతూ, కాళ్ళు తుడుచుకుని వెళ్ళారు.

నీ అక్క